చిన్న రివాల్వర్... పెద్ద పూచీ

ముంబయిలోని జుహు. 2024 అక్టోబరు 1, తెల్లవారుజామున పావుతక్కువ ఐదు. కోల్‌కతా విమానానికి వేళవుతోంది. నటుడు, మాజీ ఎంపీ గోవిందా ఇంట్లో ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. బయల్దేరే ముందు, లైసెన్స్ ఉన్న తన రివాల్వర్‌ని లోపల పెట్టబోయారు. అది చేతిలోంచి జారిపడి పేలింది. తూటా ఎడమకాలికి తగిలింది. వైద్యులు ఆపరేషన్ చేసి దాన్ని తీశారు. ఆయన మేనేజరు ఆ రోజు విలేకరులకు చెప్పిన వివరం ఇది. ప్రాణాపాయం తప్పింది. కొద్దిరోజుల్లో ఆయన ఇంటికి చేరుకున్నారు.

ఆ ఉదయం ఇంట్లోకి దొంగ రాలేదు. ఎవరితోనూ గొడవ జరగలేదు. మేనేజరు చెప్పినదాని ప్రకారం ఎవరూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. ఆత్మరక్షణ కోసమని కొనుక్కున్న ఆయుధం, దాన్ని దాచబోతున్న యజమానినే గాయపరిచింది. ప్రముఖుడి ఇంట్లో జరిగింది కాబట్టి దేశమంతా మాట్లాడుకుంది. అదే ఏడాది అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ కుర్రాడొకరు తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త మన ఇళ్లలో కలకలం రేపింది. ఈ రెండు సంఘటనల్లోనూ నేరం లేదు. రెండూ తుపాకిని దాచేటప్పుడో, శుభ్రం చేసేటప్పుడో, అంటే దాని ఆలనాపాలనా చూస్తున్నప్పుడు జరిగినవే.

మన రాష్ట్రాల్లో లైసెన్స్ తుపాకి అనగానే బ్యాంకు గేటు దగ్గర మాజీ సైనికుడి భుజాన వేలాడే 12 బోర్ డబుల్ బ్యారెల్ గుర్తొస్తుంది. వ్యాపారో, రాజకీయ నాయకుడో చొక్కా కింద నడుముకు పెట్టుకునే .32 రివాల్వర్ మాత్రం కంటపడదు. ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చినప్పుడు అది పోలీస్ స్టేషన్ బల్ల మీదికి వస్తుంది. రైటర్ లైసెన్స్ పుస్తకంలోని నంబరును ఆయుధం మీద చెక్కిన నంబరుతో సరిచూసుకుంటాడు. తూటాలు ఒక్కొక్కటీ లెక్కపెడతాడు. రసీదు రాసిస్తాడు. కొన్ని ఆయుధాలు అలమారా దాటి వెలుతురు చూసేది ఆ ఒక్కరోజే. అంతకుముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో, ఎవరి చేతికి అందుబాటులో ఉన్నాయో ఆ రసీదులో ఉండదు.

చిన్న రివాల్వర్ గురించి స్పష్టంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చిన్నది కాబట్టి సులువైనదని చాలామంది నమ్ముతారు. వాస్తవం దానికి పూర్తిగా విరుద్ధం. ఆయుధం పరిమాణం తగ్గేకొద్దీ యజమాని నుంచి అది కోరే నైపుణ్యం, జాగ్రత్త, తీరిక పెరుగుతాయి. ఆ మూడూ పెట్టలేని వారి ఇంట్లో రివాల్వర్ వల్ల దొంగకన్నా ఇంట్లోవాళ్లకే ముప్పు ఎక్కువ.

చిన్నదనంలోనే చిక్కు

నడుము దగ్గర దాచుకునే రివాల్వర్ కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో కోల్ట్ సంస్థ 1927లో 'డిటెక్టివ్ స్పెషల్' తెచ్చింది. స్మిత్ అండ్ వెసన్ 1950లో అయిదు తూటాల 'చీఫ్స్ స్పెషల్' తెచ్చింది. పేర్లలోనే ఉంది అవి ఎవరి కోసమో. మఫ్టీలో తిరిగే పోలీసులు, అంటే కాల్పుల్లో శిక్షణ ఉన్నవారు, కోటు కింద దాచుకునేందుకు తయారైనవి. ఆ తర్వాత అవి మామూలు పౌరుల చేతుల్లోకి వచ్చాయి. ఆయుధం వచ్చినంత తేలిగ్గా శిక్షణ మాత్రం వెంట రాలేదు.

వీటి బ్యారెల్ రెండు మూడు అంగుళాలే ఉంటుంది. గురి చూసేందుకు ముందుండే బుడిపెకూ వెనకుండే గాడికీ మధ్య దూరం తక్కువ కాబట్టి చెయ్యి వెంట్రుకవాసి వంగినా తూటా లక్ష్యానికి దూరంగా పోతుంది. తుపాకి తేలికైతే కాల్చినప్పుడు చేతిని గట్టిగా వెనక్కి తంతుంది. పిడి చిన్నదైతే పట్టు కుదరదు. హ్యామర్‌ని వేలితో లాగకుండా నేరుగా కాల్చే చిన్న రివాల్వర్లలో ట్రిగ్గర్‌కి సాధారణంగా నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోల బలం కావాలి. అరకిలో బరువున్న వస్తువును కదలకుండా పట్టుకుని, దాని బరువుకు పదింతల బలంతో ఒక్క వేలితో లాగడమంటే మాటలు కాదు. అలవాటు లేని చేతిలో ఆ లాగుడుకే బ్యారెల్ పక్కకు తిరిగిపోతుంది. ఇదంతా ప్రశాంతంగా నిలబడి కాల్చినప్పటి సంగతి. చీకట్లో, భయంతో, గుండె దడదడలాడుతుండగా కాల్చాల్సి వస్తే పరిస్థితి ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ టుల్లర్ ఒక చిన్న లెక్క వేశారు. 21 అడుగుల దూరం నుంచి కత్తితో పరుగెత్తుకొచ్చే మనిషి మీద పడటానికి దాదాపు ఒకటిన్నర సెకను చాలు. శిక్షణ ఉన్న పోలీసు హోల్‌స్టర్‌లోంచి తుపాకి తీసి గురిగా కాల్చడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. మన అపార్ట్‌మెంట్ హాలు పొడవు సాధారణంగా అంతకు మించదు. బీరువాలో రివాల్వర్ ఉంది కదా అని ధైర్యంగా నిద్రపోయే గృహస్థుకు ఆ ఒకటిన్నర సెకనులో లేచి, కళ్లు నులుముకుని, బీరువా దాకా వెళ్లే వ్యవధి కూడా ఉండదు.

> నిర్భీక్ నుంచి ప్రబల్ దాకా
>
> 2012 డిసెంబరు నాటి ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' రివాల్వర్‌ని విడుదల చేసింది. మహిళల కోసం తెచ్చామని ప్రకటించారు. .32 కాలిబర్, టైటానియం మిశ్రలోహం, అరకిలో బరువు. ధర రూ. 1,22,360. నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆ ధర ఎంతమంది మహిళలకు అందుబాటులో ఉంటుందని మహిళా సంఘాలు అప్పుడే ప్రశ్నించాయి.
>
> 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా విభజించారు. వాటిలో కాన్పూర్ కేంద్రంగా పనిచేసే సంస్థ 2023 ఆగస్టులో 'ప్రబల్' తెచ్చింది. బరువు దాదాపు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. అంతకుముందు ఇక్కడ తయారైన .32 రివాల్వర్లు పాత వెబ్లీ పద్ధతిలో మధ్యకు విరిచి తెరిచేవి.

జారిపడితే ఎందుకు పేలుతుంది?

చాలా పిస్టళ్లకు ఉన్నట్టు రివాల్వర్‌కి సాధారణంగా విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ బిగువే దానికి రక్షణ. పాత నమూనాల్లో హ్యామర్ కొన నేరుగా తూటా అడుగుకు ఆని ఉంటుంది. అలాంటి రివాల్వర్ వెనకభాగం నేలకు కొట్టుకుంటే ట్రిగ్గర్ తాకకపోయినా పేలొచ్చు. ఈ లోపం తయారీదారులకు చాలాకాలం నుంచే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక అమెరికా యుద్ధనౌక ఇనుప డెక్ మీద రివాల్వర్ జారిపడి పేలి నావికుడు మరణించాక, స్మిత్ అండ్ వెసన్ లోపలి అడ్డుపలకను మార్చి కొత్తగా రూపొందించింది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప హ్యామర్ తూటాను చేరకుండా ఆ పలక ఆపుతుంది. ఇవాళ్టి మంచి రివాల్వర్లలో ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉంటోంది.

మన దగ్గర సమస్య పాత ఆయుధాలది. తాతల నాటి వెబ్లీలు, జమీందారీ కాలం నుంచి వారసత్వంగా వచ్చినవి ఇంకా లైసెన్స్‌ల మీద ఉన్నాయి. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గరే ఉన్నా వారసుడి పేరిట మార్చుకునే వీలు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. కాగితం మీద పేరు మారుతుంది కానీ లోపలి స్ప్రింగులు, అరిగిపోయిన పళ్లు, పగుళ్లు ఉంటే అవీ ఆ ఆయుధంతో పాటే సంక్రమిస్తాయి. వారసుడు అందుకున్న రోజే దాన్ని లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరికి తీసుకెళ్లి అడ్డుపలక ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే సిలిండర్‌లో హ్యామర్ కింది గది ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. ఆరు గదులుంటే అయిదే నింపాలి. ఇది అడ్డుపలకలు లేని కాలం నుంచి అనుభవజ్ఞులు పాటిస్తున్న పద్ధతి. జారిపోతున్న తుపాకిని గాల్లో పట్టుకోవాలని చూడటం మరీ ప్రమాదం. తడబడే వేళ్లు సరిగ్గా ట్రిగ్గర్ మీదే పడతాయి. పడనివ్వాలి.

శుభ్రం చేయడమంటే నూనె పూయడం కాదు

రివాల్వర్ నిర్వహణలో మొదటి పని ఖాళీ చేయడం. సిలిండర్ తెరిచి తూటాలు తీశాక, అవి అదే బల్ల మీద ఉండకూడదు. మరో గదిలోకి వెళ్లాలి. తర్వాత సిలిండర్‌లోని ఒక్కో గదినీ కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి మళ్లీ చూడాలి. మధ్యలో ఫోన్ వచ్చి లేచి వెళ్తే తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచీ చూడాలి. శుభ్రం చేస్తుండగా పేలాయని మనం చదివే వార్తలన్నిటి వెనకా ఉండేది ఒకటే: ఖాళీగా ఉందన్న నమ్మకం. ఇక్కడ నమ్మకానికి చోటివ్వకూడదు.

కాల్చినప్పుడు మందు పూర్తిగా కాలదు. మసి బ్యారెల్ లోపల, గదుల్లోపల, సిలిండర్ ముందు ముఖం మీద పేరుకుంటుంది. వాడిన తూటాలను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క కింద ఆవగింజంత మసి చేరినా చాలు, సిలిండర్ సరిగా మూసుకోదు. మూసుకున్నా తిరగదు, ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. అందుకే ఆ ముక్కను పైకి నెట్టి దాని కింద పొడి బ్రష్‌తో తుడవాలి. అక్కడ నూనె పెట్టకూడదు. నూనె ఉంటే మసి మరింత అంటుకుంటుంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఉండే సన్నని సందులోంచి కాల్చిన ప్రతిసారీ వేడి వాయువులు పక్కకు చిమ్ముతాయి. ఆ ప్రాంతమంతా మసి గట్టిపడుతుంది. కాల్చేటప్పుడు వేళ్లు ఆ సందు దగ్గరికి పోనివ్వకూడదనేది కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. బ్యారెల్‌లోకి బ్రష్ పెట్టే కడ్డీ మూతి అంచుకు రాసుకోకుండా చూసుకోవాలి. అక్కడ గీత పడితే గురి తప్పుతుంది.

చివర్లో నూనె చుక్కల్లోనే. ఎక్కువైతే దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది. కారి తూటా అడుగున ఉండే ప్రైమర్‌లోకి ఇంకితే అవసరానికి తూటా పేలదు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపట్టణాల వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలి, చెమట రెండూ ఉక్కును తినేస్తాయి. నిర్భీక్ లాంటి వాటికి టైటానియం మిశ్రమం వాడారు నిజమే, కానీ ఏ రివాల్వర్‌లోనైనా స్ప్రింగులు ఉక్కువే. నడుముకు పెట్టుకుని తిరిగితే ఆ సాయంత్రమే పొడి గుడ్డతో తుడవాలి. తోలు హోల్‌స్టర్‌లో ఉంచి బీరువాలో పెట్టడం చాలామంది చేసే పని. తోలు తేమ పీలుస్తుంది. దాంట్లో వదిలేసిన ఆయుధానికి వర్షాకాలం దాటేసరికి తుప్పు మచ్చలు వస్తాయి. బయట తీసి, సిలికా జెల్ పొట్లాలతో లాకర్‌లో పెట్టాలి.

సినిమాల్లో హీరో మణికట్టు ఒక్క విదిలింపుతో సిలిండర్ మూసేస్తాడు. పక్కకు తెరుచుకునే రివాల్వర్‌ని అలా మూస్తే దాన్ని మోసే సన్నని కడ్డీ వంగుతుంది. సిలిండర్ గది బ్యారెల్‌తో వరుస తప్పుతుంది. మధ్యకు విరిచే పాత పద్ధతి వాటిలో పైనుండే గొళ్లెం అరుగుతుంది. రెంటినీ బొటనవేలితో నెమ్మదిగానే మూయాలి.

తూటాలకూ వయసుంటుంది. చెమట తగులుతూ నెలల తరబడి హోల్‌స్టర్‌లో తిరిగిన తూటాల మీద భరోసా పెట్టుకోకూడదు. షూటింగ్ రేంజ్‌లో వాటిని కాల్చేసి కొత్తవి నింపుకోవాలి. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే బ్యారెల్‌ని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం అరనిమిషం ఆగాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. శబ్దం మామూలుకన్నా మందంగా వస్తే వెంటనే ఆపేయాలి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక మరొకటి కాలిస్తే ఆయుధం చేతిలోనే పగలొచ్చు. సిలిండర్ వదులైనా, ట్రిగ్గర్ తీరు మారినా ఆకురాయి పట్టుకుని సొంతంగా మరమ్మతుకు దిగకూడదు. మరమ్మతు వృత్తికి కూడా ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ ఉండాలి. కాబట్టి అది ఊళ్లో కమ్మరి చేసే పని కూడా కాదు.

చట్టం ఏం కోరుతోంది?

అమెరికాలో ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగ హక్కు. 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఇంట్లోని తుపాకికి తప్పనిసరిగా తాళం వేయాలన్న వాషింగ్టన్ నగర నిబంధనను కూడా కొట్టేసింది. మన దేశంలో అలాంటి హక్కు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకోవాలి, పోలీసుల నివేదిక రావాలి, జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్, విశాఖపట్నం లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనర్ తగిన కారణం ఉందనుకుంటే ఇస్తారు. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం లాంటివి మామూలు పౌరులకు నిషిద్ధం. అందుకే లైసెన్స్ రివాల్వర్ అంటే మన దగ్గర ఎక్కువగా .32. దరఖాస్తుదారు ఆయుధ భద్రతలో శిక్షణ పొందాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. బయటికి తీసుకెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో, కనబడకుండా, తన అదుపులోనే ఉంచుకోవాలని కూడా అవే చెబుతున్నాయి.

2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లి ఊరేగింపుల్లో, విజయోత్సవాల్లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఇక ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. దానికి హద్దు కూడా అక్కడే ఉంది. రక్షణకు అవసరమైనంత హాని మాత్రమే చేయాలి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కే వర్తించదు. గోడ దూకి పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే న్యాయస్థానం ఒప్పుకోవడం కష్టం.

లైసెన్స్ గడువు అయిదేళ్లకు పెంచడం దరఖాస్తుదారుల తిప్పలు తగ్గించిన మాట నిజం. కానీ అయిదేళ్లలో మనిషి ఆరోగ్యం, కుటుంబం, మనసు ఎంతో మారతాయి. ఇంట్లో పసిపిల్లలు పుట్టి నడక నేరుస్తారు. ఒకరు కుంగుబాటుకు లోనవుతారు. చూపు మందగిస్తుంది, చేతులు వణుకుతాయి. ఈ అయిదేళ్ల మధ్యలో ఆయుధం పరిస్థితినీ, దాచే చోటునూ ఎవరైనా ఒక్కసారి చూసే ఏర్పాటు ఉండి తీరాలి.

> లెక్కల్లో తుపాకి
>
> స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018 అంచనా ప్రకారం భారత పౌరుల దగ్గర 7.11 కోట్ల తుపాకులున్నాయి. వాటిలో రిజిస్టరైనవి 97 లక్షలే. అమెరికాలో 39.3 కోట్లు, అంటే జనాభాకన్నా ఎక్కువ.
>
> కేంద్ర హోంశాఖ లెక్కల్లో 2016 చివరికి దేశంలో ఉన్న ఆయుధ లైసెన్స్‌లు దాదాపు 33.7 లక్షలు. ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.7 లక్షలకు పైగా ఉన్నాయి.
>
> అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే.

ముప్పు ఇంటి గడప లోపలే

తుపాకి ఉంటే కుటుంబానికి భద్రత పెరుగుతుందా? ఈ ప్రశ్నకు అతి పెద్ద జవాబు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2004 నుంచి 2016 దాకా 2.63 కోట్ల మంది వయోజనుల వివరాలు చూశారు. చేతి తుపాకి సొంతంగా ఉన్న పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, లేనివారితో పోలిస్తే దాదాపు ఎనిమిది రెట్లు. మహిళల్లో 35 రెట్లు. 2020లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ల తర్వాత అదే బృందం 1.76 కోట్ల మంది గురించి చెప్పింది. వీరికి సొంతంగా తుపాకి లేదు. కానీ తుపాకి ఉన్నవారితో కలిసి కొందరు ఉంటున్నారు. అలా ఉంటున్నవారు హత్యకు గురయ్యే రేటు, తుపాకి లేని ఇళ్లలోని వారితో పోలిస్తే రెండింతలకు పైగా ఉంది. భాగస్వామి చేతిలోనే బలైన వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు.

చచ్చిపోవాలనుకున్నవాడు తుపాకి లేకపోతే మరో దారి చూసుకుంటాడని కొందరంటారు. ఆధారాలు ఆ మాటను నిలబెట్టడం లేదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో సైనికులు వారాంతపు సెలవుల్లో తుపాకులు ఇంటికి తీసుకెళ్లడం ఆపేయించింది. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. పొరుగున శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. రెండు దశాబ్దాల్లో అక్కడి ఆత్మహత్యల రేటు 70 శాతం పడిపోయింది. పత్తి చేలల్లో పురుగుమందు డబ్బా ఎన్ని కుటుంబాలను కూల్చిందో తెలిసిన మన ప్రాంతానికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ క్షణం గడిచిపోతే మనిషి బతుకుతాడు. ఆ క్షణంలో చేతికి ఏది అందుతుందన్నదే చావుబతుకులను తేలుస్తుంది. మన దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక విభాగం నమోదు చేసింది. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు. అంటే రివాల్వర్ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఒకేలా వచ్చే కష్టాలే. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉన్నారనిపిస్తే, ఆ రోజే ఆయుధం ఇల్లు దాటాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు.

మరి అవతలి వాదన?

తాళం వేసి, తూటాలు వేరుగా దాచితే ఆపద వేళ ఎలా అందుతుందన్నది బలమైన అభ్యంతరం. నిజంగా ప్రాణహాని ఉన్నవాళ్లున్నారు. నగదు, నగలు తీసుకెళ్లే వ్యాపారులు, సాక్షులు, కక్షలు రగిలిన ఊళ్లలో బతికేవాళ్లు. వారి అవసరాన్ని కాదనడం అన్యాయం. అలాంటివారు మేలుకుని ఉన్నంతసేపూ ఆయుధాన్ని ఒంటి మీదే ఉంచుకోవాలి, ఒంటి మీద లేని క్షణం నుంచి అది లాకర్‌లో ఉండాలి. వేలిముద్రతోనో అంకెలతోనో క్షణాల్లో తెరుచుకునే చిన్న లాకర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. దిండు కింద, కారు డ్యాష్‌బోర్డులో, హ్యాండ్‌బ్యాగులో, చీరల బీరువాలో అనే మూడో దారి మాత్రం లేదు. ఎప్పుడో ఒకనాడు అవసరం పడొచ్చన్నంత దూరపు భయమే ఉంటే, ఆ భయం కోసం రోజూ ఇంట్లోవాళ్ల మీద ముప్పు మోపడం సరికాదు.

అమెరికా లెక్కలు మనకెందుకు, మన దగ్గర నేరాలన్నీ నాటు తుపాకులతోనే కదా అంటారు. అందులో సగం నిజముంది. మన దేశంలో తుపాకి నేరాల్లో అత్యధికం లైసెన్స్ లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయి. లైసెన్స్‌దారులు నేరగాళ్లని ఎవరూ అనడం లేదు. ఇక్కడి ప్రశ్న నేరం గురించి కాదు, ప్రమాదం గురించి, క్షణికావేశం గురించి. హైదరాబాద్ ఇంట్లోనూ కాలిఫోర్నియా ఇంట్లోనూ పిల్లలు అలమారాలు వెతుకుతారు. తాగి గొడవపడే భర్తలు రెండు చోట్లా ఉన్నారు. పైగా భద్రంగా దాచని లైసెన్స్ రివాల్వర్ దొంగతనమైతే అదే రేపటి అక్రమ ఆయుధం.

మహిళలకు ఆత్మస్థైర్యం ఇస్తుందన్న వాదన నిర్భీక్‌తో వచ్చింది. ఆ ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కానీ ఏటా నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు. అలాంటి మనిషి ముందు హ్యాండ్‌బ్యాగులోని రివాల్వర్ ఏం చేయగలదు? అతను ఇంట్లోనే ఉంటే దాన్ని దాచే బీరువా తాళం అతని చేతిలోనూ ఉంటుంది. ఆడవాళ్లకు కావాల్సింది పిలిస్తే పలికే పోలీసు, వెలుతురున్న వీధి, ఫిర్యాదు తీసుకునే స్టేషన్. లక్షా ఇరవై రెండు వేలు పెట్టి ఆ బాధ్యతను బాధితురాలి బ్యాగులోకి నెట్టడం న్యాయం కాదు.

సాధన లేని ఆయుధం

చిన్న రివాల్వర్‌కి సాధన ఎక్కువ కావాలి, మన దగ్గర సాధనకు అవకాశం తక్కువ. ఈ వైరుధ్యాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్స్ పుస్తకమే నిర్ణయిస్తుంది. పౌరులు కాల్చి సాధన చేసుకునే రేంజ్‌లు పెద్ద నగరాలు దాటితే దొరకడం కష్టం. ఖాళీ తుపాకితో, డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ అలవాటు చేసుకునే పద్ధతి కొంత ఉపయోగపడుతుంది. అది కూడా అసలు తూటాలు ఇంకో గదిలో ఉన్నప్పుడే, ఎవరూ లేని గోడ వైపే. .22 లాంటి అంచుమీద పేలే తూటాల పాత ఆయుధాల్లో ఇలా ఖాళీగా లాగితే పిన్ను దెబ్బతింటుంది. కొనడానికి దరఖాస్తు ఇచ్చే ముందు ఎవరైనా తమను తాము అడగాల్సినవి ఇవే: ఏడాదికి రెండుసార్లయినా రేంజ్‌కి వెళ్లగలనా? వారానికి ఒకసారి దీన్ని విప్పి చూసే తీరిక ఉందా? ఇంట్లో లాకర్ బిగించానా? ఆ తాళం నా ఒక్కడి దగ్గరే ఉంటుందా? ఒక్కదానికి 'లేదు' అని జవాబొచ్చినా దరఖాస్తు చేయకపోవడమే మంచిది.

ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఉంది. అయిదేళ్ల గడువులో మధ్యన ఒకసారి లైసెన్స్‌దారు ఆయుధాన్ని డీలర్‌తో తనిఖీ చేయించి ధ్రువపత్రం ఇవ్వాలని అడగొచ్చు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించే వేళ తూటాల లెక్కతో పాటు ఆయుధం స్థితిని కూడా రాయించొచ్చు. శిక్షణ నిబంధనను కాగితానికే పరిమితం చేయకుండా, జిల్లాకొక పోలీసు రేంజ్‌ని నెలకు ఒకరోజు లైసెన్స్‌దారులకు తెరవొచ్చు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న యంత్రాంగం చాలు.

ఇంట్లో రివాల్వర్ ఉన్నవారికి ఒక విన్నపం. ఈ ఆదివారమే దాన్ని బయటికి తీయండి. ఖాళీ చేయండి, చూడండి, తుడవండి. లాకర్ లేకపోతే కొనేదాకా డీలర్ దగ్గర భద్రపరచండి. తాతగారిదో నాన్నగారిదో అన్న మమకారం తప్ప నిజంగా అవసరం లేదనిపిస్తే లైసెన్స్ ఉన్న డీలర్‌కు అమ్మేయొచ్చు. లైసెన్స్‌దారు తనంతట తాను కోరితే లైసెన్స్ రద్దు చేసే అధికారం ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్స్ ఇచ్చిన అధికారికి ఉంది. దానికి కారణం చూపనక్కర్లేదు, ఒక్క దరఖాస్తు చాలు.